టాన్సిల్స్ తీయించినా రాత్రి ఊపిరి ఆగుతుంటే: స్ప్రే, మాస్క్, అంగిలి క్లిప్పు, రెండో ఆపరేషన్లలో ఏది ఎవరికి

టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే అడినాయిడ్లు తీయించాక చాలామంది పిల్లలు గురక లేకుండా నిద్రపోతారు. కొందరు పోరు. 2013లో అమెరికాలో వెలువడిన చాట్ ట్రయల్‌లో 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలు 464 మందిని చూశారు. వెంటనే ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళలో 79 శాతం మందికి ఏడు నెలలు తిరిగేసరికి స్లీప్ స్టడీ (రాత్రి నిద్రలో ఊపిరి, ఆక్సిజన్ కొలిచే పరీక్ష) మామూలుగా వచ్చింది. ఆపరేషన్ లేకుండా ఆగి చూసిన వాళ్ళలోనూ 46 శాతం మందికి అలాగే వచ్చింది. అందులో బాగా ముదిరిన కేసులు లేవు. ఊబకాయం, ఆస్తమా ఉన్న పిల్లలను కూడా కలుపుకొని 578 మందిని పరిశీలించిన 2010 నాటి లెక్క వేరేగా ఉంది. దాదాపు అందరికీ ఎంతో కొంత తగ్గింది కానీ పూర్తిగా మామూలైనవాళ్ళు 27 శాతమే. కాబట్టి ఆపరేషన్ తర్వాత కూడా సమస్య మిగిలితే డాక్టరు సరిగ్గా చేయలేదనో, మనం ఏదో తప్పు తినిపించామనో అనుకోనక్కరలేదు. టాన్సిల్స్ ఒక అడ్డు. దాని వెనక ఇంకో అడ్డు ఉండి ఉంటుంది.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. బెంగళూరు, చెన్నైలలో నలుగురు స్పెషలిస్టులను కలిస్తే నాలుగు సలహాలు వస్తాయి. ఈఎన్‌టీ డాక్టరు మళ్ళీ లోపల చూద్దామంటారు, ఊపిరితిత్తుల డాక్టరు సీపాప్ (మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపే మెషీన్) అంటారు, పళ్ళ డాక్టరు అంగిలి వెడల్పు చేద్దామంటారు, పిల్లల డాక్టరు మూడు నెలలు స్ప్రే వాడమంటారు. నలుగురూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరి చేతిలో ఉన్న పనిముట్టు వాళ్ళు చూపిస్తున్నారు. మీ పిల్లకు ఏది పనికొస్తుందో తేల్చేవి రెండు ప్రశ్నలు. ఇంకా ఎంత మిగిలింది? ఎక్కడ అడ్డుపడుతోంది? ఈ రెండింటికీ జవాబు లేకుండా డబ్బు ఖర్చుపెట్టే ఏ దారీ పట్టకండి.

మొదటి రెండు వారాల గురకను లెక్కలోకి తీసుకోవద్దు

ఆపరేషన్ అయిన 10 నుంచి 14 రోజుల దాకా గొంతు వాచి ఉంటుంది కాబట్టి గురక వస్తుంది. మొదటి రెండు మూడు రాత్రులు ముందుకంటే ఎక్కువే రావచ్చు. అందుకే మూడేళ్ళ లోపు పిల్లలను, ఆపరేషన్‌కు ముందు గంటకు 10 సార్లకు మించి ఊపిరి ఆగిన వాళ్ళను, ఆక్సిజన్ 80 శాతం కంటే కిందకి పడిపోయిన వాళ్ళను ఆ రాత్రి ఆసుపత్రిలో ఉంచి ఆక్సిజన్ చూస్తూ ఉండాలి. పొద్దున చేసి సాయంత్రం పంపించేస్తామంటే ఒప్పుకోకండి.

ఈ రోజుల్లో నొప్పి మందుల దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. కోడీన్ గానీ ట్రమడాల్ గానీ ఉన్నది ఏదీ ఇవ్వకూడదు. కొంతమంది శరీరం ఈ మందులను మరీ వేగంగా మార్ఫిన్ లాంటి పదార్థాలుగా మార్చేస్తుంది. అసలే ఊపిరి ఆగే అలవాటున్న పిల్లకు అది ప్రాణం మీదకు తెస్తుంది. 2017లో అమెరికా మందుల సంస్థ 12 ఏళ్ళ లోపు పిల్లలకు ఈ రెండూ వద్దని, 18 ఏళ్ళ లోపు వాళ్ళకు టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత ట్రమడాల్ కూడా వద్దని తేల్చి చెప్పింది. కోడీన్‌కు ఆ నిషేధం అప్పటికే ఉంది. మత్తుగా నిద్ర పట్టించే దగ్గు సిరప్‌లు కూడా ఇదే కారణంగా వద్దు. పారాసెటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగు సార్లు మించకుండా ఇస్తారు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు సీసా మార్పు. 20 కిలోల పిల్లకు 300 మిల్లీగ్రాములు కావాలి. 5 మిల్లీలీటర్లకు 250 ఉన్న సిరప్‌లో అది 6 మిల్లీలీటర్లు, 120 ఉన్న సిరప్‌లో 12.5. షాపువాడు వేరే బ్రాండు ఇస్తే కొలత మళ్ళీ లెక్కేసుకోవాలి. ఎప్పుడైనా, ముఖ్యంగా అయిదో రోజు నుంచి పదో రోజు మధ్య, గొంతులో రక్తం కనిపిస్తే, కొంచెమైనా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

"ఎంత మిగిలింది" తేల్చేది స్లీప్ స్టడీయే

ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిచాక కూడా గురక, నోరు తెరుచుకుని పడుకోవడం, మెడ వెనక్కి వాల్చడం, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీయడం, పక్క తడపడం, చెమటలు, పొద్దున తలనొప్పి, క్లాసులో కుదురులేదని టీచరు చెప్పడం ఉంటే మళ్ళీ స్టడీ చేయించాలి. ముందు తీవ్రంగా ఉన్నవాళ్ళకు, ఊబకాయం, డౌన్ సిండ్రోమ్, ముఖం ఎముకల్లో లేదా కండరాల్లో లోపం ఉన్నవాళ్ళకు లక్షణాలు పోయినట్టున్నా చేయించాలి. పైకి ప్రశాంతంగా పడుకున్నా లోపల ఆక్సిజన్ పడిపోతూ ఉండొచ్చు.

ఫోన్‌లో వీడియో తీసి చూపించడం మంచి అలవాటే. కానీ చాలామంది పిల్ల పడుకున్న అరగంటకే తీస్తారు. పిల్లల్లో ఊపిరి ఆగడం ఎక్కువగా కలలు వచ్చే నిద్రలో, అంటే రెమ్ నిద్రలో జరుగుతుంది. అది తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుంది. మూడింటికీ అయిదింటికీ మధ్య, ఛాతీ కనిపించేలా చొక్కా పైకి తీసి, రెండు మూడు నిమిషాలు తీయండి.

స్టడీ ఆసుపత్రి ల్యాబ్‌లో, రాత్రంతా, పక్కన అమ్మో నాన్నో ఉండగా జరగాలి. ఇంటికి పంపే చిన్న మెషీన్ల మీద ఆధారపడటం పిల్లల విషయంలో సిఫార్సు లేదు. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పుతో రాత్రంతా రికార్డు చేసి, గుంపులు గుంపులుగా ఆక్సిజన్ పడిపోవడం కనిపిస్తే సమస్య ఉన్నట్టే. కనిపించకపోతే మాత్రం సమస్య లేదని కాదు. ల్యాబ్‌కు వెళ్ళే రోజు తలస్నానం చేయించండి, కొబ్బరినూనె రాయకండి. నూనె తలకు తీగలు అంటుకోవు, అర్ధరాత్రి ఊడిపోతే ఆ రాత్రి వృథా. పిల్ల తలగడ, దుప్పటి తీసుకెళ్ళండి. నిద్రమందు వేసి చేస్తామంటే వద్దనండి. జలుబు, జ్వరం ఉన్న వారంలో చేయిస్తే లెక్క ఉన్నదానికంటే పెద్దదిగా వస్తుంది. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో తేదీ తీసుకుంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

రిపోర్టు వచ్చాక మొదట చూడాల్సింది, దాన్ని పిల్లల కొలతతో చదివారా పెద్దల కొలతతో చదివారా అన్నది. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా తగ్గింది అన్న లెక్కే ఏహెచ్‌ఐ. పెద్దవాళ్ళలో 5 లోపు మామూలు. పిల్లల్లో 1 లోపే మామూలు. 1 నుంచి 5 తేలిక, 5 నుంచి 10 మధ్యస్థం, 10 దాటితే తీవ్రం. పెద్దవాళ్ళలో ఊపిరి పది సెకన్లు ఆగితేనే లెక్కిస్తారు, పిల్లల్లో రెండు ఊపిరులంత సేపు ఆగినా లెక్కించాలి. పెద్దవాళ్ళనే ఎక్కువగా చూసే ల్యాబ్‌లో ఏడేళ్ళ పిల్లకు "ఏహెచ్‌ఐ 4, నార్మల్" అని రాసిస్తే ఆ మాట నమ్మి ఇంటికి రాకండి. రెమ్ నిద్రలో ఏహెచ్‌ఐ ఎంత, ఆక్సిజన్ కనిష్ఠం ఎంత, కార్బన్ డయాక్సైడ్ కొలిచారా, అడ్డుపడి ఆగినవి ఎన్ని, మెదడు నుంచి సంకేతం రాక ఆగినవి ఎన్ని అని విడివిడిగా అడగండి. ఈ చివరి రకం ఎక్కువుంటే కింద చెప్పేవేవీ మొదట పనికిరావు. పిల్లల న్యూరాలజిస్టును చూడాలి, మెదడుకు ఎంఆర్‌ఐ అవసరం కావచ్చు. బెంగళూరులో నిమ్‌హాన్స్ ఇలాంటి వాటికి పేరున్న చోటు.

పిల్లల స్లీప్ స్టడీకి వెళ్ళేముందు ల్యాబ్‌కు ఫోన్ చేసి, నెలకు ఎంతమంది పిల్లలకు చేస్తారు, రిపోర్టు చదివేది ఎవరు అని అడిగితే సగం విషయం తెలిసిపోతుంది. నెల్లూరు, తిరుపతి వైపు వాళ్ళకు చెన్నై దగ్గర, హిందూపురం, అనంతపురం వాళ్ళకు బెంగళూరు. ప్రభుత్వ రంగంలో చెన్నై ఎగ్మూరులోని పిల్లల ఆసుపత్రి, బెంగళూరులో ఇందిరాగాంధీ పిల్లల ఆరోగ్య సంస్థ మొదటి అభిప్రాయానికి మంచివి. స్టడీ మరో చోట చేయించాల్సి వచ్చినా పిల్లను మొత్తంగా చూసే డాక్టరు ఒకరు ఉండాలి.

తేలికగా మిగిలితే: ముక్కు స్ప్రే, మాంటెలుకాస్ట్

ఏహెచ్‌ఐ 1కీ 5కీ మధ్య ఉండి, ఆక్సిజన్ బాగానే ఉంటే, ముఖ్యంగా పిల్లకు పొద్దున తుమ్ములు, ముక్కు దురద, కళ్ళ కింద నలుపు ఉంటే, మొదట దీన్నే ప్రయత్నించాలి. టాన్సిల్స్ తీసినా మిగిలిన లింఫ్ కణజాలం, ముక్కు లోపలి పొర వాచి ఉంటాయి. స్టిరాయిడ్ స్ప్రే ఆ వాపు తగ్గిస్తుంది. ఆపరేషన్ తర్వాత మిగిలిన తేలిక సమస్యకు స్ప్రేతో పాటు మాంటెలుకాస్ట్ అనే అలర్జీ మాత్ర 12 వారాలు ఇచ్చి చూస్తే తగ్గుదల కనిపించిందని 2006లోనే ఒక పరిశీలన వచ్చింది.

మొమెటాసోన్ అయితే 2 నుంచి 11 ఏళ్ళకు ఒక్కో ముక్కు రంధ్రంలో ఒక్కో స్ప్రే, రోజుకు ఒకసారి. ఒక్కో స్ప్రేలో 50 మైక్రోగ్రాములు. "స్ప్రే వాడాం, పనిచేయలేదు" అనే ఇళ్ళలో సగం తప్పు కొట్టే తీరులో ఉంటుంది. ముందు ఉప్పునీటి స్ప్రే కొట్టి చీదించి, అయిదు నిమిషాలు ఆగండి. తల వెనక్కి వాల్చకూడదు, కొంచెం ముందుకు వంచాలి. ఎడమ ముక్కుకు కుడిచేత్తో, కుడి ముక్కుకు ఎడమచేత్తో కొడితే స్ప్రే మూతి దానంతటదే బయటి వైపుకు, చెవి దిక్కుకు తిరుగుతుంది. నేరుగా మధ్యగోడకు కొడితే నాలుగు రోజుల్లో రక్తం వస్తుంది, ఇక పిల్ల దగ్గరికి రానివ్వదు. కొట్టాక గట్టిగా పీల్చితే మందు గొంతులోకి జారిపోతుంది. మెల్లగా ఒక ఊపిరి తీసుకుంటే చాలు. కొత్త సీసాను తుంపర సన్నగా వచ్చేదాకా గాలిలోకి కొట్టి చూసుకోవాలి.

ముక్కు వెంటనే తెరిచే చుక్కలూ ఇవీ ఒకటి కావు. జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ చుక్కలు అయిదు రోజులు దాటితే ముక్కు మరింత మూసుకుపోతుంది. షాపులో "ముక్కు స్ప్రే" అని అడిగితే ఏదిస్తారో చెప్పలేం, చీటీ చూపించండి.

మాంటెలుకాస్ట్ 2 నుంచి 5 ఏళ్ళకు 4 మిల్లీగ్రాములు, 6 నుంచి 14 ఏళ్ళకు 5 మిల్లీగ్రాములు, సాయంత్రం. మన దగ్గర ఎక్కువగా దొరికేది లెవోసెటిరిజిన్ కలిపినది. మూడు నెలల కోర్సుకు ఆ రెండో మందు అవసరమా లేదా డాక్టరు చెప్పాలి, షాపువాడు కాదు. మాంటెలుకాస్ట్‌తో కొందరు పిల్లలకు పీడకలలు, చిరాకు, కోపం, దిగులు వస్తాయి. 2020 మార్చిలో అమెరికాలో దాని డబ్బా మీద అతి గట్టి హెచ్చరిక వేయించారు. పిల్ల తీరు మారితే ఆ పూటే ఆపి ఫోన్ చేయండి. అలర్జీ లేని పిల్లకు స్ప్రే ఒక్కటి చాలనిపిస్తే ఈ మాత్ర జోలికి పోకపోవడమే మేలు.

మందు వేస్తూ ఇంట్లో కారణాన్ని వదిలేస్తే లాభం లేదు. బెంగళూరులో ఖాళీ స్థలాల నిండా వయ్యారిభామ పూత, చెన్నై ఉక్కలో పరుపుల్లో పెరిగే డస్ట్‌మైట్లు, రెండు ఊళ్ళలోనూ సాయంత్రం పూట దోమల చుట్ట, సాంబ్రాణి పొగ. పడకగదిలో పొగ పూర్తిగా మానాలి. దోమలకు తెర కట్టండి. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకాలి. బొమ్మ కుక్కలు, టెడ్డీలు మంచం దిగాలి.

12 వారాల తర్వాత తగ్గిందా లేదా అన్నది మళ్ళీ చూడాలి. స్ప్రేను ఏళ్ళ తరబడి చీటీ లేకుండా కొంటూ పోవడం ఎంపిక కాదు, మరిచిపోవడం. ఇది స్టిరాయిడ్ కాబట్టి వాడినంత కాలం ఎత్తు మూడు నెలలకోసారి రాసుకోండి.

ఏహెచ్‌ఐ 5 దాటితే: సీపాప్

ఎక్కువమంది తల్లిదండ్రులు భయపడేది దీనికే. "చిన్నపిల్ల ముఖానికి మెషీనా" అని అమ్మమ్మలు కన్నీళ్ళు పెడతారు. అయినా మధ్యస్థం, తీవ్రం అయిన సమస్యకు మొదటి రాత్రి నుంచే పనిచేసేది ఇదొక్కటే. అడ్డు ఎక్కడున్నా గాలి ఒత్తిడితో దారి తెరిచి ఉంచుతుంది. కాబట్టి "ఎక్కడ" అన్న ప్రశ్నకు జవాబు వెతికే నెలల్లో పిల్ల ఆక్సిజన్ పడిపోకుండా కాపాడుతుంది. జీవితాంతం అని ఎవరూ అనడం లేదు, వంతెనగా వాడుకోవచ్చు.

ఒత్తిడి ఎంత పెట్టాలో ల్యాబ్‌లో మరో రాత్రి పడుకోబెట్టి తేలుస్తారు. ఆ రాత్రి ఖర్చు మిగుల్చుకోవడానికి ఆటో మెషీన్ కొనమని అమ్మేవాళ్ళు చెబుతారు. ఇంట్లో వాడే ఆటో మెషీన్లు చాలావరకు 30 కిలోలు దాటిన వాళ్ళకోసం చేసినవి. చిన్నపిల్లల సన్నటి ఊపిరిని అవి సరిగా పసిగట్టలేవు. కొనేముందు డబ్బా మీద కనీస బరువు చదవండి. పాత మెషీన్ కొనేవాళ్ళు ఇంకోటి చూడాలి. శబ్దం తగ్గించడానికి లోపల పెట్టిన ఫోమ్ పొడిగా రాలుతోందని ఫిలిప్స్ 2021 జూన్‌లో మొదటి తరం డ్రీమ్‌స్టేషన్‌తో పాటు చాలా మోడళ్ళను వెనక్కి పిలిచింది. అవి పాత సామాను అమ్మకాల్లోకి వచ్చి ఉండొచ్చు, పిల్లకు వద్దు. ఒక నెల అద్దెకు తీసుకుని మాస్క్ కుదిరాక కొనడం మేలు. చాలా బీమా పాలసీల్లో ఇవ్వని వస్తువుల జాబితాలో సీపాప్ ఉంటుంది, ముందే రాతలో అడిగి పెట్టుకోండి.

గెలుపోటములు మెషీన్‌లో కాదు, మాస్క్‌లో ఉంటాయి. ముక్కు మీద మాత్రమే కూర్చునే పిల్లల సైజు మాస్క్ మొదటి ఎంపిక. ముక్కూ నోరూ కప్పేది, తనంతట తాను తీసుకోలేని పిల్లకు పెట్టకూడదు. వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కు దూలం మీద ఎర్రగా పుండు పడిందంటే పట్టీ బిగువు ఎక్కువ. గాలి కంట్లోకి పోయి కళ్ళు ఎర్రబడితే సైజు తప్పు, ఇంకా బిగించడం దానికి మందు కాదు. నోరు తెరుచుకుని గాలి పోతుంటే గడ్డానికి పట్టీ కట్టేముందు ముక్కు దిబ్బడ తగ్గించాలి, స్ప్రే మళ్ళీ ఇక్కడ పనికొస్తుంది. పొట్ట ఉబ్బుతోందంటే గాలి మింగుతోంది, ఒత్తిడి సంగతి డాక్టరుతో మాట్లాడాలి.

అలవాటు చేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి మూడు రోజులు మెషీన్ లేకుండా ఒట్టి మాస్క్, పగలు, టీవీ చూస్తూ పది నిమిషాలు. బొమ్మకు కూడా తొడగనివ్వండి. తర్వాత మెషీన్ తక్కువ ఒత్తిడిలో, మెలకువగా, కథ చెబుతూ. తర్వాత మధ్యాహ్నం కునుకులో. చివరికి రాత్రి. మొదటి రోజే నిద్రపోయాక చప్పుడు చేయకుండా తగిలిస్తే భయంతో లేచి, మాస్క్‌ను చూస్తేనే ఏడ్చే పరిస్థితి వస్తుంది. పిల్ల పీకేసిన ప్రతిసారీ తిట్టకుండా తిరిగి పెట్టాలి. ఇది చెప్పడం తేలికే, రెండు గంటలప్పుడు కష్టం. అందుకే అమ్మానాన్నలు రాత్రులు వంతులు వేసుకోవాలి.

రాత్రికి నాలుగు గంటలు వాడితే చాలని పెద్దవాళ్ళ లెక్క ఒకటి తిరుగుతుంటుంది. పిల్లల ఊపిరి ఎక్కువగా ఆగేది తెల్లవారుజామున కాబట్టి, పది నుంచి రెండు దాకా పెట్టి తీసేస్తే అసలు అవసరమైన గంటలే వదిలేసినట్టు. మెషీన్ కార్డులో వాడిన గంటలు, గాలి కారుడు, మిగిలిన ఏహెచ్‌ఐ కనిపిస్తాయి, నెలకోసారి డాక్టరుకు చూపించండి.

తేమ డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ పోసి రోజూ మార్చాలి. చెన్నై బోరు నీళ్ళు పోస్తే వారంలోనే అడుగున తెల్లటి ఉప్పు కడుతుంది. చెన్నైలో ఏసీ లేకుండా పడుకునే పిల్లకు వేడి తేమ అవసరం రాకపోవచ్చు. ఏసీ గదిలోనూ, బెంగళూరు చలికాలం పొడిగాలిలోనూ కావాలి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడిపేటప్పుడు హీటర్ ఆపేయండి, బ్యాటరీ తినేది అదే. మాస్క్ కుషన్ రోజూ సబ్బునీళ్ళతో, గొట్టం వారానికోసారి కడగాలి. ఏళ్ళ తరబడి మాస్క్ వాడే పిల్లల్లో ముఖం మధ్యభాగం ఎదుగుదల తగ్గి చదునుగా కావచ్చు కాబట్టి ఏడాదికోసారి పళ్ళ డాక్టరు చూడాలి.

అంగిలి వెడల్పు చేసే క్లిప్పు

అందరికీ కాదు. నోరు తెరిపించి చూస్తే అంగిలి ఇరుకుగా, గోపురంలా పైకి లేచి ఉండి, వెనక పళ్ళు కొరికేటప్పుడు పై పళ్ళు కింది పళ్ళకు లోపల పడుతుంటే ఈ పిల్లకు ముక్కు దారే ఇరుకు. అలాంటప్పుడు ఇది మూలాన్నే సరిచేస్తుంది. అంగిలి వెడల్పుగానే ఉంటే దీనివల్ల లాభం లేదు, అమ్మేవాళ్ళు ఎంత చెప్పినా.

అంగిలి మధ్య కీలు యుక్తవయసు వచ్చేలోపు మెత్తగా ఉంటుంది. పై దవడ పళ్ళకు బిగించిన స్క్రూను ఇంట్లో రోజుకు ఒకటి రెండుసార్లు తాళంచెవితో తిప్పాలి. ఒక్క తిప్పుకు పావు మిల్లీమీటరు. రెండు నుంచి నాలుగు వారాలు ఇలా చేసి, ఆ తర్వాత కనీసం మూడు నుంచి ఆరు నెలలు తిప్పకుండా అలాగే ఉంచాలి, అక్కడ ఎముక నిండాలి. ముందు పళ్ళ మధ్య సందు వస్తే కంగారు పడకండి, అది పనిచేస్తోందన్న గుర్తు. తాళంచెవికి దారం కట్టి వేలికి చుట్టుకుని తిప్పండి, జారితే పిల్ల మింగుతుంది. మొదటి వారం మాట ముద్దగా వస్తుంది, లాలాజలం ఎక్కువ. చిక్కీలు, జీళ్ళు, చూయింగ్‌గమ్ బంద్. నాలుగో రోజుకు పట్టు వదిలి ఊగుతుంటే తిప్పడం ఆపి వెంటనే చూపించాలి.

ఖర్చు తక్కువ కావాలంటే చెన్నైలో తమిళనాడు ప్రభుత్వ డెంటల్ కాలేజీ, బెంగళూరులో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉన్నాయి. తీవ్ర సమస్య ఉన్న పిల్లకు క్లిప్పు పనిచేసేదాకా సీపాప్ నడుస్తూనే ఉండాలి.

రెండో ఆపరేషన్, దానికి ముందు చూడాల్సినది

అడినాయిడ్ మళ్ళీ పెరగొచ్చు. టాన్సిల్స్‌ను మొత్తంగా కాకుండా పైపైన గీసి తీసే పద్ధతిలో చేస్తే, మిగిలిన ముక్క కూడా ఎదగొచ్చు. మొదటి ఆపరేషన్ చీటీలో ఏ పద్ధతి అని ఉందో చూడండి. దీన్ని తెలుసుకోవడానికి మత్తు అక్కరలేదు. మెలకువలోనే సన్నటి గొట్టంతో ముక్కులో చూడొచ్చు, లేదా మెడ పక్క నుంచి ఒక ఎక్స్‌రే చాలు. ముందు ఈ చవక పరీక్ష.

అక్కడేమీ లేకపోతే, సీపాప్ కుదరకపోతే, లేదా దాన్ని ఎన్నేళ్ళు అని విసిగిపోతే డైస్ చేయిస్తారు. నిద్రకు దగ్గరగా ఉండే మత్తులో పెట్టి, గొట్టంతో ముక్కు నుంచి స్వరపేటిక దాకా చూస్తూ ఎక్కడ మూసుకుపోతోందో కనిపెట్టే పరీక్ష ఇది. నాలుక మొదట్లో ఉండే టాన్సిల్ పెరిగి ఉండొచ్చు, ఇది డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో, లావు పిల్లల్లో తరచు. ముక్కు లోపలి పక్క గోడల మీది మడతలు (టర్బినేట్లు) వాచి ఉండొచ్చు. ఊపిరి పీల్చేటప్పుడు స్వరపేటికకు మూతలా ఉండే ఎపిగ్లాటిస్ లోపలికి కుంగిపోవచ్చు. పక్క గోడలే మెత్తగా ఉండి కూలిపోవచ్చు, ఇలాంటప్పుడు కత్తి ఉపయోగం తక్కువ. ఒక్కోదానికి ఒక్కో రకం ఆపరేషన్. కాబట్టి డైస్ చేయకుండా "ఈసారి నాలుక వెనక తీసేద్దాం" అంటే రెండో అభిప్రాయం తీసుకోవాలి. వీడియో కాపీ అడిగి తీసుకోండి. అదే మత్తులో ఆపరేషన్ కూడా చేసేస్తారా, ఏది కనిపిస్తే ఏది చేస్తారు అన్నది సంతకం పెట్టేముందే మాట్లాడుకోవాలి. రెండో ఆపరేషన్‌తో లెక్క బాగా తగ్గవచ్చు, సున్నా అవుతుందని మాత్రం ఎవరూ రాసివ్వలేరు. అందుకే ఏహెచ్‌ఐ 3 ఉన్న పిల్లకు ఇది తొందరపాటు, సీపాప్ పెట్టుకోలేక ఏహెచ్‌ఐ 15 ఉన్న పిల్లకు న్యాయం.

బరువు, పడుకునే తీరు, వ్యాయామాలు

ఆపరేషన్ తర్వాత పిల్లలు ఒళ్ళు చేస్తారు. ఇంట్లో అందరికీ సంతోషమే. చాట్ ట్రయల్‌లో కూడా ఆపరేషన్ అయిన పిల్లలకు, అంతకుముందే లావుగా ఉన్నవాళ్ళకు సైతం, బరువు ఎక్కువ పెరిగింది. గొంతు నొప్పని మొదలుపెట్టిన ఐస్‌క్రీమ్ మూడో నెలలో కూడా నడుస్తుంటే తీసేసిన టాన్సిల్ చోటును కొవ్వు ఆక్రమిస్తుంది. పిల్లల డాక్టరు దగ్గర ఎత్తు, బరువు చార్టులో పెట్టించి చూడండి. పిల్లల బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) చార్టులో, పెద్దవాళ్ళ 27కు సమానమని గీసిన గీత దాటితే ఊబకాయం. దాటిన పిల్లకు బరువు తగ్గడం ఏ మందుకూ తీసిపోదు, కాకపోతే నెలలు పడుతుంది. ఆ నెలల్లో ఊపిరి సంగతి మాస్క్ చూసుకోవాలి. చక్కెర పానీయాలు, బేకరీ పఫ్‌లు మాని రోజూ గంట సేపు ఆడించడం నుంచి మొదలుపెట్టండి. పస్తులు పెట్టకండి, ఎదిగే వయసు.

పక్కకు తిరిగి పడుకుంటే కొందరికి తగ్గుతుంది. రిపోర్టులో వెల్లకిలా ఉన్నప్పటి ఏహెచ్‌ఐ, పక్కకు ఉన్నప్పటి ఏహెచ్‌ఐ విడిగా ఉంటే చూడండి, తేడా ఉంటేనే ఆ ప్రయత్నం. ఏడాది లోపు పసివాళ్ళకు దిండ్లు, అడ్డాలు పెట్టి పడుకోబెట్టకూడదు. నాలుక, పెదాల వ్యాయామాలు నోటితో ఊపిరి తీసే అలవాటు మాన్పడానికి తోడుగా మంచివే, వాటి మీదే ఆశ పెట్టుకోవద్దు.

నిద్ర కదలికలు ఎక్కువుండి, ఏహెచ్‌ఐ మామూలుగా వస్తే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. కాళ్ళు ఆడించే పిల్లల్లో ఐరన్ నిల్వ 50 లోపుంటే ఇనుము ఇచ్చి చూస్తారు. దానికి మాస్క్ అక్కరలేదు.

ఏ దారి పట్టినా మధ్యలో పెదాలు నీలంగా మారడం, ఊపిరి ఆగి రంగు మారడం, లేపినా లేవకపోవడం జరిగితే అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, 108కి ఫోన్ చేయండి. ఆంధ్రలోనూ కర్ణాటకలోనూ తమిళనాడులోనూ అదే నంబరు.

మెషీన్ ఆపడం ఎప్పుడన్నది కూడా లక్షణాలను బట్టి కాదు, స్టడీని బట్టే. బరువు తగ్గాక, అంగిలి వెడల్పయ్యాక, రెండో ఆపరేషన్ అయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు మాస్క్ లేకుండా ఒక రాత్రి ల్యాబ్‌లో పడుకోబెడతారు. ఆ స్టడీకి ముందు ఎన్ని రాత్రులు మాస్క్ తీసి ఉంచాలో ల్యాబ్‌నే అడగండి. ముందు రాత్రి దాకా వాడి వెళితే సమస్య ఉన్నదానికంటే తక్కువగా కనిపించవచ్చు. అద్దె మెషీన్‌ను ఆ రిపోర్టు చేతికి వచ్చాకే వాపసు చేయండి.